జేఎస్‌ఏ షీట్ అడిగారు, మూడు పనులకి. రెడీమేడ్‌ది ఎవరి దగ్గరైనా ఉందా?

కాంక్రీట్ కుర్రాడు
ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. హైదరాబాద్ శివార్లలో ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో ఇంజనీర్‌ని. రెండు బ్లాకులు, ఒక్కోటీ సెల్లార్ మీద ఐదంతస్తులు. ఒక బ్లాకులో స్లాబులన్నీ అయిపోయి బయటి ప్లాస్టరింగ్ నడుస్తోంది, పై రెండు అంతస్తుల్లో సెంట్రింగ్ (స్లాబు కింద మోసే ప్లేట్లు, ఊతాలు) ఇంకా విప్పలేదు. రెండో బ్లాకుకి ఇప్పుడే సెల్లార్ తవ్వుతున్నాం. రోజుకి 70, 80 మంది లేబర్. సేఫ్టీ ఆఫీసర్ అంటూ ఎవరూ లేరు, అదీ నా నెత్తి మీదే.

మొన్న ఓనర్ల తరఫు కన్సల్టెంట్ వచ్చి జాబ్ సేఫ్టీ అనాలిసిస్ (జేఎస్‌ఏ) షీట్లు అడిగాడు, అంటే పనిలో ఒక్కో అడుగుకీ ముప్పేంటి, జాగ్రత్తేంటి అని రాసేవి. తవ్వకం, బయటి ప్లాస్టరింగ్, సెంట్రింగ్ విప్పడం, ఈ మూడింటికీ. నెట్‌లో దొరికిన ఫార్మాట్ ఒకటి తీసి రాత్రికి రాత్రే నింపేశాను. ముప్పు కాలమ్‌లో 'పడిపోవడం, దెబ్బ తగలడం, షాక్'. జాగ్రత్తల కాలమ్‌లో 'హెల్మెట్, షూ, బెల్టు'. మూడు షీట్లలోనూ ఇదే. ఆయన ఒక్క నిమిషం చూసి "ఇందులో మీ సైట్ ఎక్కడుంది?" అని నా చేతిలోనే పెట్టి వెళ్లిపోయాడు. గురువారం మళ్లీ వస్తాడు. టెన్షన్‌గా ఉంది. ఎవరి దగ్గరైనా మంచి షీట్ ఉంటే పెట్టండి ప్లీజ్.

దోహా సేఫ్టీ
ఆదివారం, రాత్రి 10:40

తమ్ముడూ, షీట్లు నా దగ్గర రెండొందలు ఉన్నాయి. ఒక్కటి కూడా ఇవ్వను. ఇస్తే పేరు మార్చి మళ్లీ అదే చేస్తావు. కోపం తెచ్చుకోకు, నేనూ మొదటి రెండేళ్లు అదే చేశాను.

మాది జగిత్యాల దగ్గర, పదకొండేళ్లుగా ఖతార్‌లో సేఫ్టీలో ఉన్నాను. రేపు పొద్దున తవ్వకం మేస్త్రిని పట్టుకుని ఆ గుంత గట్టు మీద అరగంట నిలబడు. చేతిలో ఫార్మాట్ వద్దు, ఉత్త కాగితం చాలు. ఏం జరుగుతుందో జరిగిన వరుసలో రాసుకో. జేసీబీ ఎటు నుంచి వచ్చింది, టిప్పర్ ఎక్కడ వెనక్కి తిరిగింది, మట్టి ఎక్కడ పోశారు, గుంతలోకి మనిషి ఎందుకు దిగాడు, ఎలా దిగాడు, ఎలా ఎక్కాడు. ఒక్కో అడుగు దగ్గరా 'ఇక్కడ ఏది కదులుతుంది, ఏది కూలుతుంది, అప్పుడు అక్కడ ఎవరుంటారు' అని మేస్త్రినే అడుగు. అతను చెప్పేది నీకు ఏ ఫార్మాట్‌లోనూ దొరకదు.

కుదిరితే ఒక ఫోటో పెట్టు.

జీ ప్లస్ ఫైవ్
ఆదివారం, రాత్రి 11:05

పాతికేళ్లుగా కడుతున్నాను. కాగితాలతో ప్రాణాలు నిలబడవు బాబూ. బెల్టులు కొనిచ్చాను, హెల్మెట్లు కొనిచ్చాను. మన కళ్ల ముందు పెట్టుకుంటారు, మనం అటు తిరగ్గానే హెల్మెట్‌లో ఉల్లిపాయలు పెట్టుకుంటారు. లేబర్ మారకుండా ఏ షీట్ రాసినా దండగ.

కాంక్రీట్ కుర్రాడు
సోమవారం, మధ్యాహ్నం 1:20

అన్నా, నిలబడ్డాను. ఫోటో పెట్టాను చూడండి. వివరాలు: లోతు ఇప్పటికి 3.4 మీటర్లు. పైన మీటరున్నర నల్లరేగడి, కింద మొరం. తూర్పు వైపు పక్కింటి కాంపౌండ్ గోడ, మా తవ్వకం అంచుకీ దానికీ మధ్య 1.2 మీటర్లే. ఆ వైపు అడుగున కొంచెం ఊట వస్తోంది, డీజిల్ పంపు పెట్టి తోడుతున్నాం. మూలలు సరిచేయడానికి ఆరుగురు పారలతో లోపలికి దిగుతారు.

దోహా సేఫ్టీ
సోమవారం, మధ్యాహ్నం 2:55

ఫోటో పెద్దది చేసి చూశాను.

మట్టి అంతా గట్టు అంచునే పోశారు. ఘనపు మీటరు మట్టి తేలిగ్గా టన్నున్నర దాటుతుంది. ఆ కుప్పలో పది ఘనపు మీటర్లు ఉన్నా పదిహేను టన్నులు గోడ నెత్తి మీద కూర్చున్నట్టే. దాని వెనకే టిప్పర్ చక్రాల జాడ కనిపిస్తోంది, అంటే టిప్పర్ బరువు కూడా అదే అంచు మీద పడుతోంది.

డీజిల్ పంపు గుంతలోపలే ఉంది. ఇది నీ షీట్‌లో ఉండే అవకాశమే లేదు, ఎందుకంటే అందరూ పంపుని సేఫ్టీ కోసం పెట్టిందే అనుకుంటారు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన రాదు, రంగుండదు. గాలి ఆడని మూలలో పంపు పక్కన పనిచేసేవాడికి తల తిరుగుతుంది, ఎండ దెబ్బ అనుకుంటారు. ఇంజన్ పైన పెట్టి పైపు మాత్రం కిందికి దించండి. లోతు 3.4 మీటర్లే కాబట్టి సక్షన్ లాగుతుంది. ఖర్చు సున్నా.

నిచ్చెన ఒకటే ఉంది, అదీ పడమర మూలలో. పని జరిగేది తూర్పున. మట్టి జారితే మనిషికి దొరికేది రెండు మూడు సెకన్లు. అమెరికా రూల్ ప్రకారం నాలుగు అడుగులు దాటిన కందకంలో ఎక్కడ నిలబడినా 25 అడుగుల లోపు దిగే ఎక్కే దారి ఉండాలి, మట్టి కుప్ప అంచు నుంచి కనీసం రెండడుగులు జరిగి ఉండాలి. ఐదడుగులు దాటితే గోడలకి ఆపు ఉండాలి, గట్టి రాయి అయితే తప్ప. మన దగ్గర తవ్వకాల కోసం ఐఎస్ 3764 అనే భారతీయ ప్రమాణం ఉంది, అది చదువు. నువ్వు 3.4 మీటర్లలో ఉన్నావు, అంటే పదకొండు అడుగులు.

డిజైన్ మేడమ్
సోమవారం, సాయంత్రం 6:10

నాకు అన్నిటికన్నా ఆ ఊట భయంగా ఉంది. వర్షాల్లేని రోజుల్లో మూడు మీటర్ల దగ్గర, అదీ ఒక్క వైపే నీరు వస్తోందంటే అది భూగర్భ జలం కాకపోవచ్చు. పక్కింటి సెప్టిక్ ట్యాంకో, డ్రైనేజీ పైపో, సంపో లీకవుతూ ఉండొచ్చు. పైన ఉన్నది నల్లరేగడి. ఎండితే పగులుతుంది, తడిస్తే ఉబ్బుతుంది, పట్టు పోతుంది. ఎండిన పగుళ్లలోకి నీరు దిగితే అది నిలువునా పెళ్లలుగా విడిపోతుంది. నిన్న నిటారుగా నిలబడ్డ గోడ ఇవాళ కూడా నిలబడుతుందని లెక్క వేసుకోకండి.

ఆ 1.2 మీటర్లలో వాలు తియ్యడానికి చోటు లేదు. తూర్పు వైపు మొత్తం ఒకేసారి తవ్వకుండా ముక్కలు ముక్కలుగా తవ్వి, ఒక ముక్క విడిచి ఒక ముక్క రిటైనింగ్ గోడ కట్టుకుంటూ రావడం ఒక పద్ధతి. స్టీల్ సెక్షన్లు దింపి పలకలు అడ్డంపెట్టడం ఇంకోటి. ఏది చేయాలన్నది మీ స్ట్రక్చరల్ ఇంజనీర్ సంతకంతో రావాలి. ఈలోపు ఆ వైపు మనుషుల్ని దించకండి.

జీ ప్లస్ ఫైవ్
సోమవారం, రాత్రి 8:30

మేడమ్, స్టీల్ దింపితే ఎంతవుతుందో తెలుసా మీకు? ఫ్లాట్ ధర పెంచితే కొనేవాడు ఎవడు?

డిజైన్ మేడమ్
సోమవారం, రాత్రి 8:52

తెలుసు సార్. పక్కింటి కాంపౌండ్ గోడ మన గుంతలో పడ్డాక స్టే ఆర్డర్ వస్తే ఎన్ని నెలలు ఆగుతుందో మీకే ఎక్కువ తెలుసు. మనుషుల సంగతి చెప్పట్లేదు, మీరు డబ్బు సంగతి అడిగారు కాబట్టి డబ్బు సంగతే చెప్పాను.

తాపీవారబ్బాయి
సోమవారం, రాత్రి 9:45

బెల్టుల గురించి ఒక మాట చెప్పాలి. మా నాన్న తాపీ మేస్త్రి, శ్రీకాకుళం నుంచి వచ్చి ముప్పై ఏళ్లు ఇక్కడే పనిచేశాడు. నేను చిన్నప్పుడు సెలవుల్లో ఇసుక జల్లెడ పట్టేవాణ్ని. లేబర్ బెల్టు వేసుకోరు అంటారు. బెల్టు వేసుకుని హుక్కు దేనికి తగిలించాలి? ఈ ప్రశ్న మా నాన్న ఒక సైట్‌లో అడిగాడు. సూపర్‌వైజర్ చూపించింది పరంజా అడ్డకర్ర. సరుగుడు కర్ర, కొబ్బరి తాడుతో కట్టింది. మనిషి పడితే ఆ కర్రా, దానితో పరంజా మొత్తం మీదకొస్తుంది. దానికన్నా బెల్టు లేకుండా ఉంటేనే దూకడానికి వీలు అని నాన్న విప్పి పక్కన పెట్టాడు. రికార్డులో 'మేస్త్రి బెల్టు వాడుటకు నిరాకరించెను' అని రాసుకున్నారు.

నాన్నకి మోకాలు పోయింది పడి కాదు, ముప్పై ఏళ్లు గొంతుక్కూర్చుని. అది ఏ షీట్‌లోనూ ఉండదులెండి.

దోహా సేఫ్టీ
సోమవారం, రాత్రి 10:30

తాపీవారబ్బాయి గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. దానికి ఒక లెక్క కూడా కలుపుతాను, ప్లాస్టరింగ్ షీట్‌లో రాసుకో తమ్ముడూ.

షాక్ అబ్జార్బర్ ఉన్న లాన్యార్డ్ (బెల్టునీ హుక్కునీ కలిపే తాడు) పొడవు దాదాపు 1.8 మీటర్లు. పడ్డప్పుడు అబ్జార్బర్ విచ్చుకుని ఇంకో మీటరుకి పైనే సాగుతుంది. హుక్కు కాళ్ల దగ్గర తగిలిస్తే పడే దూరం ఇంకా పెరుగుతుంది. మనిషి ఎత్తు కలుపు, కింద ఒక మీటరు వదులు. మొత్తం ఐదున్నర, ఆరు మీటర్లు కావాలి. మొదటి అంతస్తు ఎత్తు మూడు మీటర్లు. అంటే మొదటి అంతస్తు పరంజా మీద ఆ బెల్టు వేసుకున్నవాడు బెల్టు పట్టుకునేలోపే నేల తాకుతాడు! అక్కడ కాపాడేది బెల్టు కాదు, రెయిలింగ్. నడిచే పలక నిండుగా ఉండటం, నడుము ఎత్తున ఒక అడ్డపైపు, మధ్యలో ఇంకోటి, పనిముట్టు జారకుండా కింద అంచుపట్టీ. ఈ నాలుగూ ఉంటే సగం రోజు బెల్టు గొడవే రాదు.

పై అంతస్తుల్లో బెల్టు తప్పదు. అప్పుడు హుక్కు పరంజాకి కాదు, కాలమ్‌కి చుట్టిన వైర్ రోప్‌కి. ఎత్తు మార్చేటప్పుడు ఒక క్షణం కూడా హుక్కు లేకుండా ఉండకూడదు కాబట్టి రెండు లాన్యార్డులున్న బెల్టే కొనాలి. పడి వేలాడేవాణ్ని నిమిషాల్లో దించాలి, కాళ్లలో రక్తం నిలిచిపోయి స్పృహ తప్పుతుంది. ఎవరు దించుతారు, దేనితో దించుతారు అన్నది కూడా షీట్‌లో ఒక గడి.

ఇంకొకటి. స్కోర్ల కాలమ్. అవకాశం 5, తీవ్రత 5, గుణిస్తే 25 అని ఎర్రరంగు వేస్తారు. పక్కనే 'హెల్మెట్ ఇచ్చాక' అని తీవ్రతని 2 చేసి పచ్చరంగు వేస్తారు. హెల్మెట్ పెట్టుకుంటే ఐదో అంతస్తు నుంచి పడ్డవాడు రెండు రోజులు సెలవు పెట్టి వస్తాడా? హెల్మెట్ ఉన్నది పైనుంచి పడే వస్తువు కోసం. ముందు ఆ పనే లేకుండా చేయగలమా, కాకపోతే మార్చగలమా, కాకపోతే అడ్డు కట్టగలమా అని చూసుకుంటూ రావాలి. మనిషి ఒంటికి తొడిగేవి చిట్టచివర.

వైర్‌మన్ 440
మంగళవారం, ఉదయం 6:35

ఫోటో మూలలో ఒక కరెంట్ స్తంభం కనిపిస్తోంది. అది 11 కేవీ లైనేనా? అయితే మూడు షీట్లూ పక్కన పెట్టి ముందు నాలుగోది రాయి.

రూల్ ప్రకారం బిల్డింగుకీ 11 కేవీ లైనుకీ అడ్డంగా 1.2 మీటర్లు ఉంటే చాలు. కానీ అది గోడకి. ఇనుప రాడ్ పొడవు 12 మీటర్లు. పై అంతస్తులో నిలబడి కింద నుంచి రాడ్ అందుకుని తిప్పుతారు చూడు, ఆ తిప్పడంలో రెండో కొస ఎక్కడికి పోతుందో పట్టుకున్నవాడికి కనిపించదు. తగలాల్సిన పని కూడా లేదు, దగ్గరికొచ్చినా దూకుతుంది. పరంజా పైపులు, అల్యూమినియం నిచ్చెనలు, పొడుగాటి లెవెల్ పట్టీలు, అన్నిటికీ ఇదే.

ఆ వైపు నుంచి రాడ్ ఎక్కించడం ఆపెయ్యి. కింద కోసి, వంచి, లైను లేని వైపు నుంచి ఎక్కించు. తప్పదనుకుంటే డిస్కమ్‌కి (కరెంట్ కంపెనీకి) రాసి లైన్ క్లియరెన్స్ తీసుకో, అంటే పని అయ్యేదాకా లైను ఆపించు, లేదా లైను జరిపించు. కొందరు లైనుకి ప్లాస్టిక్ పైపు తొడిగి ధైర్యంగా ఉంటారు, దాన్ని నమ్మకు.

లోపలి సంగతి కూడా చెప్తాను. మీ సైట్‌లో కటింగ్ మిషన్‌కి ప్లగ్గు ఉందా? చాలా చోట్ల వైరు కొసలు ఒలిచి సాకెట్‌లో దూర్చి పుల్ల గుచ్చుతారు. ఎర్త్ వైరు గాల్లో ఉంటుంది. ప్రతి బోర్డుకీ 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే సప్లై కట్ చేసే స్విచ్) పెట్టించు, వారానికోసారి టెస్ట్ బటన్ నొక్కు. ట్రిప్ అవుతోందని ఎవడో దాన్ని బైపాస్ చేస్తాడు. అది చేసినవాడిని వెతికి తిట్టేకన్నా ఎందుకు ట్రిప్ అవుతోందో చూడు, ఏదో ఒక జాయింటు నీళ్లలో ఉంటుంది.

కాంక్రీట్ కుర్రాడు
మంగళవారం, రాత్రి 9:50

అది 11 కేవీయే సార్. ప్లగ్గుల సంగతి చూశాను. తొమ్మిది మిషన్లు, మూడింటికే ప్లగ్గులున్నాయి. ఒకదానికి అగ్గిపుల్ల కాదు, మేకు గుచ్చారు. ఇన్నాళ్లూ దాని పక్క నుంచే రోజూ నడుస్తున్నాను.

పంపు పైకి తెచ్చేశాం. మట్టి కుప్ప సగం జరిపాం. పక్కింటావిడని అడిగితే, వాళ్ల బాత్రూం పైపు పగిలి నెల దాటిందట, మన లేబరే పగలగొట్టారని మా వాచ్‌మన్‌కి చెప్పిందట. వాచ్‌మన్ ఎవరికీ చెప్పలేదు. తూర్పు వైపు పని ఆపాం, ప్లంబర్‌ని పంపాను, స్ట్రక్చరల్ సార్ రేపు వస్తారు.

ఇక సెంట్రింగ్ విప్పడం మిగిలింది. ఆఫీసు నుంచి ఒత్తిడి, ప్లేట్లు ఇంకో సైట్‌కి కావాలట.

డిజైన్ మేడమ్
మంగళవారం, రాత్రి 10:25

కాంక్రీట్ పనుల ప్రమాణం ఐఎస్ 456లో ఉన్నది చెప్తాను. స్లాబు స్పాను (ఆధారాల మధ్య దూరం) 4.5 మీటర్ల లోపైతే ప్రాప్స్ (కింద నిలబెట్టే ఊతాలు) 7 రోజులు ఉంచాలి, దాటితే 14. బీములకి స్పాను 6 మీటర్ల లోపు 14, దాటితే 21. ఇవి మామూలు ఓపీసీ (ఆర్డినరీ పోర్ట్‌లాండ్) సిమెంటుకి. ఇప్పుడు సైట్లలో ఎక్కువగా వాడేది పీపీసీ (పోజోలానా కలిపిన సిమెంటు), అది తొలి రోజుల్లో నెమ్మదిగా బలం పుంజుకుంటుంది, కాబట్టి అవే రోజులు పట్టుకుని కూర్చోకండి. క్యూబులు (బలం పరీక్షించడానికి అదే కాంక్రీట్‌తో పోసే దిమ్మలు) వేశారా? వేస్తే ఫలితం చూసి నిర్ణయించండి. పై స్లాబు పోసిన బరువు కింది స్లాబు మీద ప్రాప్స్ ద్వారానే పడుతుంది, అందుకని పైది గట్టిపడకముందే కిందివి లాగేయకూడదు.

విప్పేటప్పుడు స్పాను మధ్య నుంచి అంచులకి రావాలి, కాంటిలీవర్ సజ్జలకి బయటి కొస నుంచి గోడ వైపుకి. కింద ఎవరూ ఉండకుండా తాడు కట్టాలి. ప్లేటు విడిపోయే క్షణంలోనే దెబ్బలు ఎక్కువ, అది ఎటు పడుతుందో విప్పేవాడికీ తెలియదు. మేకులు వంచకుండా పలకలు పడేస్తే రబ్బరు చెప్పుల్లోంచి సూటిగా దిగుతాయి.

తాపీవారబ్బాయి
మంగళవారం, రాత్రి 11:10

షాఫ్టుల గురించి ఎవరూ అనలేదు. సెంట్రింగ్ విప్పాక స్లాబులో లిఫ్టు గుంత, పైపుల డక్టు నోళ్లు తెరుచుకుంటాయి. వాటి మీద ఒక ప్లైవుడ్ ముక్క వేస్తారు. నాన్న పనిచేసిన ఒక సైట్‌లో జరిగింది చెప్తాను. ఒక కుర్రాడికి ఇసుక పోసుకోవడానికి చెక్క కావాలి. నేల మీద ప్లైవుడ్ కనిపించింది. రెండు చేతులతో ముందుకి పట్టుకుని ఎత్తాడు, అది అతని కళ్లకి అడ్డం వచ్చింది, ఒక అడుగు ముందుకేశాడు. మూడంతస్తులు. అతనికి ఇరవై కూడా లేవు.

అక్కడ మూత ఉంది. రికార్డులో 'ఓపెనింగ్ కవర్ చేయబడినది' అనే ఉంది. మూత మూతలా కనపడలేదు, అంతే. స్లాబు పోసేటప్పుడే ఆ నోట్లో రాడ్ జాలీ వదిలేసి ఉంటే, పైపులు వేసే రోజు కోసుకుంటే సరిపోయేది. ఇప్పుడు లేకపోతే ప్లైవుడ్‌ని మేకులతో కొట్టి, ఎర్రరంగు వేసి, కింద ఏముందో రాయించండి.

జీ ప్లస్ ఫైవ్
బుధవారం, ఉదయం 7:20

రాడ్ జాలీకి ఏ సైజు, ఎంత దూరంలో వదలాలి? అడుగుతున్నాను, ఎల్లుండి మాది మూడో స్లాబు.

తాపీవారబ్బాయి
బుధవారం, ఉదయం 8:05

సార్, నాన్నని అడిగాను. స్లాబులో వేసే రాడ్‌నే తెంపకుండా డక్టు మీదుగా పోనివ్వమన్నాడు, అడ్డం నిలువూ. మనిషి కాలు దూరనంత దగ్గరగా ఉంటే చాలన్నాడు. విడిగా ఖర్చేమీ లేదు. రాడ్ కట్టే ముందురోజే బార్ బెండర్‌కి చెప్పండి, లేకపోతే అలవాటుగా కోసేస్తాడు.

ఎండాకాలం ముచ్చట
బుధవారం, మధ్యాహ్నం 3:30

కొత్త సభ్యుణ్ని, పక్క టాపిక్ అయినా అడుగుతున్నా. మే నెలలో స్లాబు మీద పనికి కూడా ఇలా షీట్ రాస్తారా? రాడ్ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

దోహా సేఫ్టీ
బుధవారం, సాయంత్రం 5:15

రాస్తారు, రాయాలి. ఇక్కడ ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఎండలో పని నిషేధం. అదీ కాక వెట్ బల్బ్ గ్లోబ్ ఉష్ణోగ్రత 32.1 డిగ్రీలు దాటితే ఏ టైమైనా ఆపాలి. అది మామూలు థర్మామీటరు లెక్క కాదు, తేమ, ఎండ, గాలి అన్నీ కలిపి వచ్చేది. మన దగ్గర కాంక్రీట్ తెల్లవారుజామునో సాయంత్రమో పోసుకుంటే స్లాబుకీ మంచిదే, పగుళ్లు తగ్గుతాయి. కొత్తగా వచ్చినవాడికి మొదటి వారం పని తగ్గించండి, ఎండ దెబ్బలు ఎక్కువగా తగిలేది వాళ్లకే.

వైర్‌మన్ 440
బుధవారం, సాయంత్రం 6:00

చట్టం సంగతి కూడా ఒకసారి చూసుకో కుర్రాడూ. నిర్మాణ కార్మికుల పాత చట్టం 1996ది, కేంద్ర నిబంధనలు 1998వి. సేఫ్టీ ఆఫీసరు 500 మంది, ఆపైన ఉంటేనే తప్పనిసరి అని అందులో ఉండేది, 2020 నాటి కొత్త వృత్తి భద్రతా కోడ్‌లో 250కి దించారు. మీ సైట్‌లో అంతమంది లేరు, కానీ ఏదైనా జరిగితే అడిగేది నిన్నే. 1 శాతం సెస్సు మీ కంపెనీ కడుతూనే ఉంటుంది, కాబట్టి లేబర్‌కి వెల్ఫేర్ బోర్డు కార్డులున్నాయో లేదో కనుక్కో. ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు ఉంటే చాలు, 18 నుంచి 60 ఏళ్ల లోపు వాళ్లకి.

కాంక్రీట్ కుర్రాడు
గురువారం, రాత్రి 9:30

కన్సల్టెంట్ వచ్చి వెళ్లాడు. ఈసారి షీట్లు చేత్తో రాశాను, టైప్ చేయడానికి టైం లేక. తవ్వకం షీట్ రెండు పేజీలొచ్చింది, ప్లాస్టరింగ్ ఒక పేజీ, సెంట్రింగ్ పేజీన్నర. స్కోర్లు వేయలేదు. ఆయన వాటి గురించి అడగలేదు. నేరుగా తూర్పు గోడ దగ్గరికి నడిచి, ఊట ఆగిందో లేదో చూశాడు. తగ్గింది, ఆగలేదు. ముక్కలుగా తవ్వే డ్రాయింగ్ స్ట్రక్చరల్ సార్ శనివారం ఇస్తారు, అప్పటిదాకా అటు ఎవరూ దిగరు. సెంట్రింగ్ ప్లేట్లు క్యూబు రిజల్ట్ వచ్చాకే ఇస్తామని ఆఫీసుకి మెయిల్ పెట్టాను, ఇంకా రిప్లై లేదు.

డక్టుల మీద పలకలు కొట్టించాం, ఆరు. ఎర్రరంగు అయిపోయి రెండింటికి పసుపు వేశాం. 'కింద గుంత' అని తెలుగులో, హిందీలో నేనే రాశాను. ప్లాస్టరింగ్ గ్యాంగులో సగం మంది ఒడిశా వాళ్లు, వాళ్లలో ఒక కుర్రాడు బ్రష్ తీసుకుని కింద ఒడియాలో రాశాడు. రాశాక పక్కన ఒక బొమ్మ కూడా గీశాడు, తలకిందులుగా పడుతున్న మనిషి. మిగతా ఐదింటి మీద కూడా గీయించుకున్నాను.

తాపీవారబ్బాయి
గురువారం, రాత్రి 10:02

ఆ బొమ్మ ఫోటో పెట్టండి. నాన్నకి చూపిస్తాను.